బోరు నీళ్ళ తెల్లమరకకు ఏ యాసిడ్? విశాఖ కొట్లలో దొరికే సరుకు మీద సమీక్ష

కుళాయి మీద తెల్లగా పెచ్చు కట్టిందని కొట్టుకెళ్తే గాజువాకలోనైనా మధురవాడలోనైనా మొదట వినబడే మాట ఒకటే: "ఇది మంచి స్ట్రాంగండీ, ఒక్క దెబ్బకి వదిలిపోద్ది." ఆ "స్ట్రాంగ్" అనే మాటలో మూడు వేరువేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. మూత తియ్యగానే ముక్కుకు తగిలే ఘాటు ఒకటి. సీసాలో నీళ్ళెన్ని, యాసిడెంత అనే గాఢత రెండోది. నీళ్ళలో పడ్డ యాసిడ్ అణువుల్లో ఎన్ని విడిపోయి హైడ్రోజన్ అయాన్లను వదులుతాయన్నది మూడోది. రసాయన శాస్త్రంలో బలమైన ఆమ్లం, బలహీన ఆమ్లం అనేవి ఈ మూడోదాన్ని బట్టే. ఇంటర్ పుస్తకంలో గాఢతా బలమూ వేరని చదివినవాళ్ళు కూడా కొట్టు ముందు నిలబడేసరికి రెండూ కలిపేస్తారు. కుళాయిలు పాడయ్యేది అక్కడే.

ముందు ఆ తెల్లమరక ఏమిటో చూడాలి. బొర్రా గుహలు చూసినవాళ్ళకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. వాన నీళ్ళలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ కార్బోనిక్ ఆమ్లం అవుతుంది. బలహీన ఆమ్లాల్లోనూ బాగా బలహీనమైనది, మనం తాగే సోడాలో ఉండేదే. అదే సున్నపురాయిని, అంటే కాల్షియం కార్బనేట్‌ను, కరిగించి అంతంత గుహలు తొలిచింది. కరిగిన సున్నం నీటిలో కాల్షియం బైకార్బనేట్‌గా ఉంటుంది. గుహ కప్పు నుంచి కారే చుక్కలోంచి కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోగానే మళ్ళీ రాయిగా మారి వేలాడుతుంది. గీజర్లో జరిగేదీ అంతే. కాకపోతే గుహకు పట్టినన్ని వేల ఏళ్ళు ఇక్కడ పట్టవు, వేడి తగిలితే నెలల్లోనే కాయిల్ చుట్టూ కాల్షియం కార్బనేట్ పేరుకుంటుంది. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం (నీళ్ళలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాల మొత్తం) లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే దారి లేకపోతే 600 దాకా సరిపెట్టుకోవచ్చు. లీటరుకు 400 ఉన్న బోరు అనుకుంటే, వెయ్యి లీటర్ల ట్యాంకులో కాల్షియం కార్బనేట్ లెక్కన 400 గ్రాముల సరుకు ఉన్నట్టు. అదంతా పెచ్చు కట్టదు, బైకార్బనేట్ భాగమే కడుతుంది. అయినా కుళాయి జల్లెడ మూసుకుపోవడానికి అది చాలు.

కాబట్టి ఈ సమీక్షలో ఏ సరుకునైనా మూడు ప్రశ్నలతోనే తూచాం. ఒక గ్రాము సరుకు ఎంత సున్నాన్ని కరిగించగలదు? కరిగాక వచ్చే కాల్షియం లవణం నీళ్ళలో కలిసిపోతుందా, లేక మళ్ళీ పెచ్చుగా కూర్చుంటుందా? మరకతో పాటు ఇంకేం తింటుంది?

వీధిలో "యాసిడ్... ఫినాయిల్..." అని అరుచుకుంటూ బండి మీద తెచ్చే లూజు యాసిడ్‌తో మొదలుపెడదాం. ఇది హైడ్రోక్లోరిక్ యాసిడ్. పరిశ్రమల సరుకైతే దాదాపు 30 శాతం ఉంటుంది. కాస్త పసుపు రంగు ఇనుము కలిసినందువల్ల వస్తుంది. రంగు ముదిరితే బలం ఎక్కువని అనుకోవద్దు, మలినం ఎక్కువని అర్థం. అసలు చిక్కు ఏమిటంటే, బండివాడు అందులో ఎన్ని నీళ్ళు కలిపాడో సీసా మీద ఉండదు. మూత తియ్యకుండానే ఒక అంచనా వేసుకోవచ్చు. అలాంటిదే ఖాళీ లీటరు సీసాను తూచి ఆ బరువు పక్కన పెట్టుకోండి. మూత బిగించి ఉన్న యాసిడ్ సీసా, సరిగ్గా లీటరు గీత దాకా ఉన్నది, తూచి ఖాళీ బరువు తీసేయండి. 10 శాతం యాసిడ్ లీటరుకు 1,047 గ్రాముల దగ్గర తూగుతుంది, 20 శాతం 1,098, 30 శాతం 1,149. వెయ్యికి పది ఇరవై గ్రాములే ఎక్కువ ఉంటే డబ్బులిచ్చింది నీళ్ళకే. వంటింటి తూకం యంత్రం మీద, సీసా కింద, పాత ప్లాస్టిక్ పళ్ళెం పెట్టుకోవడం మరిచిపోకండి, సీసా అడుగున ఒక్క చుక్క తడి ఉన్నా స్టీలు పళ్ళెం మచ్చ పడుతుంది.

సున్నాన్ని కరిగించడంలో దీనికి వంక పెట్టలేం. హైడ్రోక్లోరిక్ నీళ్ళలో పూర్తిగా విడిపోతుంది, వచ్చే కాల్షియం క్లోరైడ్ ఇట్టే కరిగిపోతుంది. మూడో ప్రశ్న దగ్గరే ఓడిపోతుంది. టైల్స్ మధ్య సందుల్లోని సిమెంటును, పాత ఇళ్ళ మొజాయిక్ గచ్చును, పాలరాయిని తినేస్తుంది. వాటిలో ఉన్నదీ కాల్షియమే, యాసిడ్‌కు మరకేదో గచ్చేదో తెలియదు. క్లోరైడ్ అయాన్ స్టీలు మీది రక్షణ పొరను చీల్చి సూదిమొనంత గుంతలు పెడుతుంది. సముద్రపు గాలికి అసలే ఉప్పు తింటున్న మన స్టీలు కుళాయిలకూ తలుపు గడియలకూ ఇది గోరుచుట్టు మీద రోకటిపోటు. మీద పొయ్యకపోయినా సరే, తలుపు మూసిన బాత్రూమ్‌లో పైకి లేచే పొగ చాలు. నెల తర్వాత షవర్ స్క్రూలు తుప్పు పట్టాయంటే కారణం ఇదే కావచ్చు. పైగా కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి అమ్ముతారు. పిల్లలున్న ఇంట్లోకి అలాంటి సీసా రానివ్వకూడదు. 2013లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల ప్రకారం యాసిడ్ కొనేవారి గుర్తింపు చూసి, వివరాలు రిజిస్టర్లో రాసుకున్నాకే అమ్మాలి, 18 ఏళ్ళు నిండనివారికి అమ్మకూడదు. ఏమీ అడగకుండా సీసా చేతిలో పెట్టాడంటే ఆ దుకాణం నుంచి ఏదీ కొనకపోవడమే మేలు. మా తీర్పు: ఇంటికి అక్కర్లేదు.

అదే హైడ్రోక్లోరిక్, తగిన చోటికి తగినట్టు వచ్చేది టాయిలెట్ క్లీనర్‌లో. పేరున్న నీలం సీసాల్లో దాదాపు 10 శాతం ఉంటుంది, సీసా వెనక చిన్న అక్షరాల్లో రాస్తారు. జిగురుగా ఉండడం ఊరికే కాదు. కమోడ్ గోడకు అతుక్కుని నిలవడానికి చిక్కదనం కలుపుతారు, అందుకే పల్చటి లూజు యాసిడ్ కంటే తక్కువ సరుకుతో పని అవుతుంది. కమోడ్ పింగాణీ గాజు పూతను హైడ్రోక్లోరిక్ ఏమీ చెయ్యదు. అంచు కింద కట్టే పసుపు గట్టి పొరలో కార్బనేట్‌తో పాటు ఫాస్ఫేట్లూ ఉంటాయి, బలమైన ఆమ్లానికి రెండూ లొంగుతాయి. నీళ్ళు తగ్గించి, అంచు కింద చుట్టూ పిండి, 20 నిమిషాలు ఆగి బ్రష్ పెట్టండి. రాత్రంతా ఉంచితే అదనంగా ఒరిగేదేమీ ఉండదు, మొదటి పావుగంటలోనే తగిలిన యాసిడ్ చాలావరకు ఖర్చయిపోతుంది. ఈ ఒక్క పనికి దీనికి పూర్తి మార్కులు. ఇదే సీసాతో బాత్రూమ్ నేల, కుళాయి, వాష్‌బేసిన్ పైపు కడిగేవాళ్ళకు మాత్రం పైన చెప్పిన నష్టాలన్నీ తప్పవు.

ఒక్క హెచ్చరిక, ఇది అన్ని యాసిడ్లకూ వర్తిస్తుంది. బ్లీచింగ్ పౌడరుతోనో ద్రవ బ్లీచ్‌తోనో కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. సంపు కడగడానికి తెచ్చిన బ్లీచింగ్ మిగిలిందని కమోడ్‌లో చల్లి, దాని మీద క్లీనర్ పోస్తే కళ్ళు మండి ఊపిరాడక బయటికి పరుగెత్తాల్సిందే. బలహీన ఆమ్లమైతే ఫర్వాలేదనుకోవద్దు, వెనిగర్‌తోనూ నిమ్మ ఉప్పుతోనూ క్లోరిన్ వస్తుంది.

ఇక వెనిగర్. కిరాణాలో దొరికే తెల్ల సీసాల్లో ఎక్కువ సింథటిక్ సరుకు, ఎసిటిక్ ఆమ్లానికి నీళ్ళు కలిపి చేసేది. ఆహార ప్రమాణాల ప్రకారం 100 మి.లీ.లో 3.75 గ్రాములకు తగ్గకూడదు. చాలా సీసాల మీద 4 శాతం అని ఉంటుంది, అంటే లీటరుకు 0.67 మోల్ (అణువుల లెక్కకు వాడే కొలత). ఎసిటిక్ బలహీన ఆమ్లం కాబట్టి ఈ గాఢతలో వెయ్యి అణువులకు ఐదే విడిపోయి ఉంటాయి. పీహెచ్ 2.5 దగ్గర చూపిస్తుంది. నీళ్ళలో విడిపోయి ఉన్న హైడ్రోజన్ అయాన్ల కొలతే పీహెచ్, అవి ఎక్కువైతే అంకె తగ్గుతుంది.

ఇక్కడే చాలామంది తప్పుదారి పడతారు. ఆన్‌లైన్‌లో దొరికే పీహెచ్ కాగితాల పుస్తకం తెచ్చుకుని, దేనిది తక్కువ చూపిస్తే అది గొప్ప అనుకుంటారు. పీహెచ్ సరిగ్గా వెనిగర్‌ది ఎంతో అంతే ఉండేలా హైడ్రోక్లోరిక్ యాసిడ్‌ను నీళ్ళతో పల్చన చేశామనుకుందాం. కాగితం రెండింటికీ ఒకే రంగు చూపిస్తుంది. ఆ హైడ్రోక్లోరిక్ నీళ్ళు ఒక లీటరు కరిగించే సున్నం 0.17 గ్రాము, గోటి మీద పట్టేంత. అదే లీటరు వెనిగర్ లెక్క ప్రకారం 33 గ్రాములు కరిగించగలదు. ఎందుకంటే బలమైన ఆమ్లం ఉన్న డబ్బంతా చొక్కా జేబులోనే పెట్టుకు తిరుగుతుంది. బలహీన ఆమ్లం జేబులో చిల్లర పెట్టుకుని మిగతాది బీరువాలో దాచుకుంటుంది, ఖర్చయినకొద్దీ తీసి ఇస్తుంది. పీహెచ్ కాగితం చూసేది జేబు మాత్రమే. బీరువా చూడాలంటే టైట్రేషన్ చెయ్యాలి, అంటే గాఢత తెలిసిన క్షారాన్ని చుక్కలుగా వదిలి మొత్తం ఆమ్లం ఎంతో తేల్చాలి.

సీసా మీది 4 శాతం నిజమో కాదో చూడాలనుకునే ఇంటర్ పిల్లలకు, లెక్చరర్లకు కొలతలివి. 5 మి.లీ. వెనిగర్ పిపెట్‌తో తీసి, 50 మి.లీ. దాకా డిస్టిల్డ్ వాటర్ కలిపి, రంగు మారి సూచన ఇచ్చే ఫినాఫ్తలీన్ రెండు చుక్కలు వెయ్యాలి. 0.1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్ బ్యూరెట్‌లో నింపి చుక్కలు వదలాలి. లేత గులాబీ రంగు అర నిమిషం నిలిస్తే ఆపాలి. 4 శాతం సరుకైతే 33 మి.లీ. దగ్గర ఆగుతుంది, 31 దాకా వచ్చినా ప్రమాణంలోనే ఉన్నట్టు. ఫినాఫ్తలీన్ లేదని మిథైల్ ఆరెంజ్ వేస్తే లెక్క తలకిందులవుతుంది. అది పీహెచ్ 3.1 నుంచి 4.4 లోపే రంగు మార్చేస్తుంది. బలహీన ఆమ్లంలో అప్పటికి మూడో వంతు కూడా తటస్థం కాదు, 10 మి.లీ.కే అయిపోయిందని చెబుతుంది. వెనిగర్‌లో కల్తీ ఉందని కొట్టువాడి మీదికి వెళ్ళే ముందు ఏ సూచిక వేశారో చూసుకోండి. సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం కూడా పాతదైతే గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చి పల్చబడి ఉంటుంది, ఆక్సాలిక్ ఆమ్లంతో ముందుగా సరిచూసుకోవాలి.

మరక దగ్గరికొస్తే వెనిగర్ పని చేస్తుంది, మెల్లగా. కుళాయి జల్లెడను విప్పి గ్లాసులో వెనిగర్ పోసి ముంచితే, ముందు తీగల సందుల్లోంచి సన్నని బుడగలు గొలుసుల్లా లేస్తాయి. పది నిమిషాలకు గొలుసులు తెగి ఒక్కొక్క బుడగ ఆగి ఆగి వస్తుంది, అడుగున బియ్యపు నూకలాంటి తెల్ల రేకులు పడి ఉంటాయి. పెచ్చు మొత్తం కరగక్కర్లేదు, పట్టు వదిలితే చాలు, పాత టూత్‌బ్రష్ మిగతా పని చేస్తుంది. బుడగలు మందగించడానికి కారణం వెనిగర్ అయిపోవడం కాదు. వచ్చిన కాల్షియం ఎసిటేట్ మిగిలిన ఆమ్లాన్ని ఇంకా తక్కువగా విడిపోనిస్తుంది, పీహెచ్ పెరుగుతుంది, వేగం పడిపోతుంది. కాబట్టి లెక్కలోని 33 గ్రాముల మీద ఆశ పెట్టుకోవద్దు, సగం దగ్గర కొత్త వెనిగర్ పోసుకోవడం మంచిది. క్రోమ్ పూత ఉన్న షవర్‌ను అరగంటకు మించి నానబెట్టకండి.

వెనిగర్‌లో వంటసోడా కలిపి పొయ్యమనే చిట్కా వీడియోలు చాలా తిరుగుతున్నాయి. నురగ చూడ్డానికి బాగుంటుంది. రెండూ ఒకదాన్నొకటి తినేసి సోడియం ఎసిటేట్ నీళ్ళు మిగులుతాయి, మరక మాత్రం అక్కడే ఉంటుంది. డబ్బులు పోసి ఉప్పునీళ్ళు చేసుకున్నట్టు.

మా ఓటు నిమ్మ ఉప్పుకే. సిట్రిక్ ఆమ్లం అని పేరు, పూర్ణా మార్కెట్ వైపు కిరాణా హోల్‌సేల్ కొట్లలో లూజుగా తూచి ఇస్తారు. చిన్న కొట్లలో యాభై గ్రాముల పొట్లాలుగా ఉంటుంది, కిలో లెక్కన కొంటేనే గిట్టుబాటు. కొనేటప్పుడు పేరు స్పష్టంగా చెప్పండి. "నిమ్మ ఉప్పు" అంటే ఇచ్చే కొట్టువాడే "సిట్రిక్" అంటే కెమికల్ షాపుకెళ్ళమనవచ్చు. చక్కెర పలుకుల్లా పొడిగా, వాసన లేకుండా ఉండాలి.

ఒక్క అణువు మూడు హైడ్రోజన్ అయాన్లు ఇవ్వగలదు కాబట్టి 100 గ్రాముల నిమ్మ ఉప్పు కాగితం మీద 71 గ్రాముల సున్నాన్ని కరిగిస్తుంది. అరలీటరు టాయిలెట్ క్లీనర్ సీసా మొత్తం కరిగించేది 72 గ్రాములు. పక్కపక్కన పెట్టి చూడండి: గుప్పెడు పొడి, "స్ట్రాంగ్" సీసా, ఇద్దరిదీ దాదాపు ఒకే లెక్క. అయితే మూడో హైడ్రోజన్ చాలా పట్టుగా ఉంటుంది, కార్బోనిక్ ఆమ్లం అంత బలహీనం, సున్నం మీద దాని జోరు ఉండదు. మొదటి రెండింటినే లెక్కేసుకుంటే 48 గ్రాముల దగ్గర తేలుతుంది. అయినా ఆ ధరకు అది చాలా ఎక్కువ. పొగ లేదు, క్లోరైడ్ లేదు, గిన్నెల మీద వాడినా కడిగేస్తే భయం లేదు. లీటరు నీళ్ళకు 50 గ్రాములు వేస్తే పీహెచ్ 1.9 దగ్గర ఉంటుంది, వెనిగర్ కంటే చురుకు.

గీజర్ కాయిల్‌కు ఇది ఎలా వాడాలో వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే చెడగొట్టుకుంటారు. ఎంసీబీ ఆపి, నీళ్ళు పూర్తిగా చల్లారాక ఇన్‌లెట్ వాల్వ్ కట్టేయాలి. నిలువు స్టోరేజీ గీజర్ కుళాయి తిప్పితే ఖాళీ అవదు, వేడి నీళ్ళ పైపు మొదలు పైన ఉంటుంది కాబట్టి కింది ఇన్‌లెట్ పైపు విప్పే నీళ్ళు వదలాలి. బోల్టులు విప్పి కాయిల్ పళ్ళెం బయటికి తియ్యండి. వారంటీ ఉన్న గీజరైతే ఈ పని కంపెనీవాళ్ళకే వదిలేయండి. చాలా మోడళ్ళలో అదే పళ్ళేనికి మెగ్నీషియం కడ్డీ ఒకటి బిగించి ఉంటుంది. దాన్ని విప్పి పక్కన పెట్టాల్సిందే. ట్యాంకు తుప్పు పట్టకుండా తాను కరిగిపోవడం దాని ఉద్యోగం, ఆమ్లంలో పెడితే హైడ్రోజన్ బుడగలు వదులుతూ ఒక్క పూటలో ఆ ఉద్యోగం పూర్తి చేసుకుంటుంది. బుడగలు బాగా వస్తున్నాయని సంతోషించేలోపు కొత్త కడ్డీ ఖర్చు మీద పడుతుంది.

ప్లాస్టిక్ బకెట్‌లో 3 లీటర్ల గోరువెచ్చని నీళ్ళు, 45 నుంచి 50 డిగ్రీలు, చెయ్యి పెడితే వేడిగా ఉండి ఓర్చుకోగలిగినంత. అందులో 150 గ్రాముల నిమ్మ ఉప్పు కరిగించి కాయిల్ ముంచండి, వైర్లు తగిలించే కొసలు నీళ్ళకు పైనే ఉండాలి. ఈ కొలత దాదాపు 70 గ్రాముల పెచ్చుకు సరిపోతుంది. గంటన్నరకు బుడగలు ఆగిపోయి ఇంకా పెచ్చు మిగిలితే ద్రావణం అయిపోయినట్టు, పాతది పారబోసి కొత్తది కలపాలి. మరిగే నీళ్ళు పొయ్యొద్దు. కాల్షియం సిట్రేట్ అసలే తక్కువ కరుగుతుంది, వేడి పెరిగితే ఇంకా తగ్గుతుంది, కాయిల్ మీద తెల్లటి మడ్డిగా మళ్ళీ కూర్చుంటుంది. విద్యుత్ కెటిల్‌లో నిమ్మ ఉప్పు వేసి మరగబెట్టినవాళ్ళు "తెలుపు ఇంకా ఎక్కువైంది" అనేది దీన్ని చూసే. కెటిల్‌కు అరలీటరు నీళ్ళలో పెద్ద చెంచాడు పొడి, గోరువెచ్చగా, 20 నిమిషాలు చాలు. ద్రావణం నీలంగా మారడం మొదలైతే రాగి కరుగుతోందని అర్థం, వెంటనే తీసేయాలి, అందుకే రాత్రంతా నానబెట్టకూడదు. రెండుసార్లు మంచినీళ్ళతో కడిగి, చివరి బకెట్‌లో ఒక చెంచా వంటసోడా వేసి ముంచి తియ్యండి. రబ్బరు వాషర్ గట్టిపడి ఉంటే కొత్తది వెయ్యండి, పాతదాంతోనే బిగిస్తే వారంలో చుక్క కారుతుంది.

ఇదే పని త్వరగా అవుతుందని కొందరు మెకానిక్కులు కాయిల్‌ను లూజు యాసిడ్‌లో ముంచుతారు. అయిదు నిమిషాల్లో మెరిసిపోతుంది, అది నిజమే. పెచ్చు సన్నగా ఉన్నచోట యాసిడ్ ముందే లోహాన్ని చేరి గుంత పెడుతుంది, కొన్నాళ్ళకు ఆ గుంత చిల్లై నీళ్ళలోకి కరెంటు లీకవుతుంది. కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్, ఆర్‌సీసీబీ, ఉంటే అది పడిపోతూ ఉంటుంది. లేకపోతే వేడినీళ్ళ కింద షాకు.

బలం ఒక్కటే చాలదనడానికి మంచి సాక్ష్యం బ్యాటరీ యాసిడ్. అందులో ఉండే గంధకికామ్లం (సల్ఫ్యూరిక్ యాసిడ్) కూడా బలమైన ఆమ్లమే. అలాగని ఇన్వర్టర్ బ్యాటరీ కోసం తెచ్చింది మిగిలిందని సున్నపు పెచ్చు మీద పోస్తే కాసేపు బుసబుసలాడి ఆగిపోతుంది. పైన జిప్సం పొర కట్టేస్తుంది, అది లీటరు నీళ్ళకు రెండు గ్రాములకు కాస్త పైన మాత్రమే కరుగుతుంది. కింద ఉన్న సున్నానికి యాసిడ్ చేరదు. మన ఊళ్ళో కోరమాండల్ ఎరువుల కర్మాగారంలో రాక్ ఫాస్ఫేట్‌ను ఇదే యాసిడ్‌తో కలిపి ఫాస్ఫారిక్ ఆమ్లం తీసేటప్పుడు ఉపఉత్పత్తిగా మిగిలేదీ ఈ జిప్సమే. ఇంట్లో మనకు మిగిలేది పాత పెచ్చు మీద కొత్త పెచ్చు, చొక్కాకు చిల్లులు. దీనికి మార్కులు వెయ్యనక్కర్లేదు, అసలు ఇది ఈ పని సరుకే కాదు.

ఆక్సాలిక్ ఆమ్లానికీ ఇలాంటి గుణమే ఉంది, దాన్ని తిప్పి వాడుకోవచ్చు. కాల్షియంతో కలిస్తే కరగని ఆక్సలేట్ అవుతుంది కాబట్టి తెల్లమరకకు పనికిరాదు. ఇనుముతో కలిస్తే మాత్రం కరిగిపోయే సంక్లిష్ట లవణం అవుతుంది. బీచ్ రోడ్డు వైపు ఫ్లాట్లలో బాల్కనీ గ్రిల్ కింద టైల్స్ మీదికి కారే ఎర్రటి తుప్పు చారలకు దీన్ని మించింది లేదు. అరలీటరు వేడినీళ్ళలో 25 గ్రాములు, గుడ్డ ముంచి చార మీద పరిచి అరగంట, కడిగేయడం. చేతికి గ్లౌజులు తప్పనిసరి. విషం, కడుపులోకి పోతే మూత్రపిండాలు దెబ్బతింటాయి, కాబట్టి వంటింట్లో పెట్టొద్దు, గిన్నెల మీద వాడొద్దు. నిమ్మ ఉప్పు డబ్బా పక్కన అసలే పెట్టొద్దు, రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి.

"బలహీన" అనే మాట చూసి ధీమా పడకూడదనడానికి ఇంకొకటి. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం లెక్క ప్రకారం బలహీన ఆమ్లమే, సిట్రిక్ మొదటి హైడ్రోజన్‌కు దాదాపు సమానం. కానీ గాజును తింటుంది, చర్మంలోంచి దిగి ఒంట్లోని కాల్షియంతో కలిసి ప్రాణం మీదికి తెస్తుంది. తుప్పు వదిలించే ద్రావణాలు, రాతి పాలిష్ సరుకు కొనేటప్పుడు లేబుల్ మీద ఫ్లోరైడ్, బైఫ్లోరైడ్ అనే మాట కనబడితే తిరిగి అరలో పెట్టేయండి. గ్లేసియల్ ఎసిటిక్, అంటే నీళ్ళు కలపని ఎసిటిక్ ఆమ్లం, కూడా అంతే, వెనిగర్ అన్నగారని చేత్తో ముట్టుకుంటే బొబ్బలెక్కుతుంది. 16.6 డిగ్రీల కింద గడ్డకట్టే సరుకది. లంబసింగిలో చలికాలం రాత్రి సీసాలో రాయిలా కూర్చుంటుంది, విశాఖలో ఆ ముచ్చట చూడాలంటే ఫ్రిజ్‌లో పెట్టాలి. ఏ యాసిడ్ ఒంటి మీద పడ్డా పావుగంటకు తగ్గకుండా కుళాయి కింద కడగాలి. కంట్లో పడితే కడిగి వెంటనే ఆసుపత్రికి. సోడా పూసి తటస్థం చేద్దామనుకోవద్దు, ఆ చర్యలో పుట్టే వేడి వేరే బాధ.

పూజ సామాను సంగతి పెద్దవాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఇత్తడి కుందులకూ రాగి చెంబులకూ చింతపండు, ఉప్పు ఇప్పటికీ మంచి జోడీ. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం రాగి ఆక్సైడ్‌ను కరిగించి పట్టి ఉంచుకుంటుంది, ఉప్పులోని క్లోరైడ్ తోడు పడుతుంది. అయిదు నిమిషాలకు మించి ఉంచొద్దు. ఇత్తడి మీద గులాబీ మచ్చలు పడ్డాయంటే జింకు కరిగి రాగి బయటపడిందన్నమాట, తోమితే పోదు. లూజు యాసిడ్‌తో తోమిన కుందులకు ఈ మచ్చలు ఎక్కువ. కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో పులుసు కాచొద్దని అమ్మమ్మలు చెప్పింది కూడా ఈ రసాయనమే, కిలుము పులుసులోకి దిగుతుంది.

వాషింగ్ మెషిన్ డీస్కేల్ పొట్లాల గురించి కొద్దిగా. వెనక చూస్తే కొన్నిటిలో సిట్రిక్, కొన్నిటిలో సల్ఫామిక్ అని ఉంటుంది. సల్ఫామిక్ పొడిరూపంలో ఉండే బలమైన ఆమ్లం, దాని కాల్షియం లవణం బాగా కరుగుతుంది, క్లోరైడ్ ఉండదు, మెషిన్‌కు నిజంగా మంచి సరుకు. మరీ వేడి నీళ్ళలో విడిపోయి సల్ఫేట్ అవుతుంది కాబట్టి 60 డిగ్రీలు దాటనివ్వకండి. సిట్రిక్ అని రాసి ఉన్న పొట్లమైతే కొనక్కర్లేదు, 100 గ్రాముల నిమ్మ ఉప్పు డ్రమ్‌లో వేసి 40 డిగ్రీల మీద ఖాళీగా తిప్పితే అదే పని.

నిమ్మ ఉప్పును గాజు సీసాలో పోసి మూత బిగించి పెట్టుకోండి. మన ఊరి చెమ్మకు కవర్లో ఉంచితే వానాకాలంలో రెండు వారాల్లో ముద్దకడుతుంది. ముద్దకట్టినా గుణం పోదు, తడి బరువు కలిసి ఉంటుంది కాబట్టి 50 గ్రాములన్న చోట 55 తూచి, రోట్లో వేసి దంచుకుంటే సరి.